రేసింగ్ గేమ్‌లో వెనక అద్దం: ఉంచాలా, తీసేయాలా?

మొదటిగేమ్: వెనక అద్దం కోసం రెండో కెమెరా దృశ్యాన్ని తెర మీద కాకుండా ఒక టెక్స్చర్ (వస్తువు మీద అంటించే బొమ్మ)లోకి గీసి, దాన్ని అద్దానికి అంటిస్తున్నాం. పీసీలో సెకనుకు 60 ఫ్రేములు, మాలీ గ్రాఫిక్స్ చిప్ ఉన్న చవక ఫోన్‌లో 31. మా లీడ్ అద్దం తీసేయమంటున్నారు.

పాతకాపు: తీసేయండి. ఇలాంటి మాలీలు తెరను 16×16 పిక్సెళ్ల టైళ్లుగా కోసి చిప్ లోపలే గీస్తాయి. గీసే చోటు (టార్గెట్) మారిస్తే అదంతా ర్యామ్‌లోకి దింపాలి. 1920×1080 ఫ్రేము దాదాపు 8.3 ఎంబీ. రాయడం, చదవడం, సెకనుకు 60 సార్లు... దాదాపు 1 జీబీ! ఫోన్ వేడెక్కదా మరి?

టైల్‌రాణి: అద్దానికి అంత సైజెందుకు? 512×128 చాలు, పావు ఎంబీ. తమ్ముడూ, అద్దం ఫ్రేములో ఎప్పుడు గీస్తున్నావు?

మొదటిగేమ్: రోడ్డు, కార్లు అయ్యాక అక్కా. తర్వాత మళ్లీ తెరకొచ్చి మిగతావి.

టైల్‌రాణి: రోగం అక్కడే ఉంది. సగం గీసిన తెరను ర్యామ్‌లో పడేసి, మళ్లీ టైళ్లలోకి ఎక్కిస్తున్నావు. అద్దం ముందు గీసెయ్. మొదట్లో క్లియర్ చెయ్, పాత బొమ్మ టైళ్లలోకి ఎక్కదు. డెప్త్ (ఏ పిక్సెల్ ఎంత దూరమో చెప్పే లెక్క) ఇక అక్కర్లేదని ఇన్‌వాలిడేట్ కాల్‌తో చెప్పు, ఫోన్ గ్రాఫిక్స్‌కి వాడే ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0లోనే ఉంది.

షేడర్‌బాబు: 512×128లో అంచులు రంపంలా ఉంటాయి. 4ఎక్స్ ఎంఎస్‌ఏఏ (అంచులు నునుపు చేసే పద్ధతి) పెట్టండి.

పాతకాపు: ఆ ఇన్‌వాలిడేట్ కాల్ నమ్మి మూడు వారాలు పోగొట్టుకున్నాను. మినీమ్యాప్ నిండా చెత్త పిక్సెళ్లు. రిలీజ్ ఆగింది, నా బోనస్ పోయింది.

టైల్‌రాణి: డెప్త్‌తో పాటు కలర్ (గీసిన బొమ్మ) కూడా వదిలేసి ఉంటారు.

పాతకాపు: నా కోడ్ చూడకుండానే తప్పు నాదంటారా? అసలు మీరు ఏ ఫోన్‌లో చూస్తారండీ?

టైల్‌రాణి: పోయినేడాది కొన్నది. ఖరీదైనదే, ఒప్పుకుంటాను.

పాతకాపు: అదీ సంగతి. మా వీధిలో పిల్లలు నాన్న పాత ఫోన్‌లో ఆడతారు. పది నిమిషాలకి ఫోన్ కాలిపోతుంటుంది, ఆట నత్తనడక. వాళ్లకి అద్దం కావాలా, ఆట కావాలా?

టైల్‌రాణి: అద్దం లేకపోతే వెనక నుంచి గుద్దేవాడు కనపడడు. ఆన్‌లైన్ రేసులో ఖరీదైన ఫోన్ ఉన్నవాడికి కనపడి, ఆ పిల్లాడికి కనపడకపోతే వాడు రోజూ ఓడిపోవాలా? అద్దం అందరికీ ఉండాలి, లేదా ఎవరికీ ఉండకూడదు.

పాతకాపు: అయితే ఎవరికీ వద్దు.

మొదటిగేమ్: అద్దం ముందుకి తెచ్చాను, సైజు తగ్గించాను. ఇప్పుడు 47!

పాతకాపు: పది నిమిషాలు ఆడి చెప్పండి.

మొదటిగేమ్: 39.