సమస్యాపూరణం: "నిలిచిపోయిన చర్యయే నిలువలేదు"

ఈసారి సమస్య తేటగీతి పాదం. ద్విగత చర్యల (ముందుకూ వెనుకకూ రెండు దిశలలోనూ సాగే రసాయన చర్యల) సమతాస్థితిని విషయంగా తీసుకొని తక్కిన మూడు పాదాలను పూరించవలసిందిగా సభ్యులను కోరాము. రంగు, పీడనం, గాఢత ఏవీ మారకపోవడం చూసి చర్య ఆగిపోయిందని అనుకుంటాము. అణువుల స్థాయిలో మాత్రం పురోగామి, తిరోగామి చర్యలు రెండూ సమాన వేగంతో సాగుతూనే ఉంటాయి. పాదంలోని విరోధమంతా అక్కడే ఉన్నది.

మొదటి పూరణ

మూత బిగిసిన గొట్టాన ముదురు రంగు
మారకుండుట కనులకే, మాటునందు
విడెడి వేగమ్ము, కలసెడి వేగ మొకటె;
నిలిచిపోయిన చర్యయే నిలువలేదు

*సమీక్ష:* మీ పూరణ బాగున్నది, అభినందనలు. గొట్టంలో గోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడ్, రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ కలిసి ఉన్నట్టు భావించాను. "మూత బిగిసిన" అన్నది యతి కోసం తెచ్చిన విశేషణం కాదు. మూత తీస్తే వాయువు బయటికి పోతుంది, సమతాస్థితి నిలవదు. ఉష్ణోగ్రతను ప్రస్తావించకపోవడం ఒక్కటే కొరత. అదే గొట్టాన్ని మంచునీటిలో ముంచితే రంగు పలచబడుతుంది, వేడినీటిలో పెడితే చిక్కబడుతుంది, ఎందుకంటే టెట్రాక్సైడ్ గోధుమ రంగు డయాక్సైడ్‌గా విడిపోవడానికి వేడి కావాలి.

రెండవ పూరణ

సగము సగమైన పిమ్మట సంతులనము
కలుగుననుచును చెప్పిరి కాదె బుధులు!
వెనుకముందుల పరుగులు వీడకుండ
నిలిచిపోయిన చర్యయే నిలువలేదు

*సమీక్ష:* ధార చక్కగా ఉన్నది, మూడవ పాదం ముచ్చటగా ఉన్నది. కాని బుధులు అలా చెప్పలేదు. సమానం కావలసినవి వేగాలే గాని రాశులు కావు. ఒక మోల్ ఎసిటిక్ ఆమ్లాన్ని ఒక మోల్ ఇథనాల్‌తో కలిపితే, మూడింట రెండు వంతులు ఎస్టర్ అనే పదార్థంగా, నీరుగా మారి, మూడింట ఒక వంతు మిగిలినప్పుడు సమతాస్థితి వస్తుంది. అటునుంచి, అంటే ఒక మోల్ ఎస్టర్, ఒక మోల్ నీటితో మొదలుపెట్టినా చేరేది ఆ మిశ్రమానికే. నార్వే శాస్త్రవేత్తలు గుల్డ్‌బర్గ్, వాగె 1864లో ప్రతిపాదించిన ద్రవ్యరాశి క్రియా నియమం (చర్యవేగం పదార్థాల గాఢతలపై ఆధారపడుతుందనే సూత్రం) ఇటువంటి నిష్పత్తులకు లెక్క చూపింది. మొదటి పాదాన్ని "సమములగు వేగములతోడ సంతులనము" అని మారిస్తే యతి చెడదు, శాస్త్రమూ నిలుస్తుంది.

మూడవ పూరణ

చల్లబరచి యమ్మోనియా జారదీయ
మిగులు వాయువుల్ మరల సమ్మేళనమున
కుఱుకు, సమవేగముల కట్ట కూలిపోయి
నిలిచిపోయిన చర్యయే నిలువలేదు

*ఒక సభ్యుని సందేహం:* ఆర్యా, మొదటి పాదంలో యతి చెల్లుతుందా? ఇనుప ఉత్ప్రేరకం ఊసే లేదేమి?

*సమీక్ష:* చ, జ ఒకే వర్గానివి కనుక యతికి లోటు లేదు. తక్కినవారు నిశ్చలతను ప్రశ్నిస్తే, ఈ కవయిత్రి సమతాస్థితినే కదిలించారు. నాకు అన్నిటికంటె నచ్చినది ఇదే. నైట్రోజన్, హైడ్రోజన్ వాయువులను కలిపి అమ్మోనియా తయారుచేయడానికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త హేబర్ 1909లో ప్రయోగశాలలో చూపినదీ, బాష్ కృషితో 1913లో జర్మనీలోని ఓపౌ కర్మాగారంలో పెద్ద ఎత్తున మొదలైనదీ ఈ పద్ధతే. సంయోగమందిరం గుండా వాయువులు ఒకసారి సాగితే సుమారు 15 శాతమే అమ్మోనియాగా మారుతుంది కాబట్టి, దానిని ద్రవీకరించి తీసివేసి, మిగిలిన నైట్రోజన్, హైడ్రోజన్‌లను తిరిగి లోపలికి పంపుతారు. ఇక ఇనుము సంగతి: ఉత్ప్రేరకంగా, అంటే తాను ఖర్చుకాకుండా చర్యను వేగిరపరచే పదార్థంగా, అది రెండు వైపుల వేగాలనూ ఒకే నిష్పత్తిలో పెంచి సమతాస్థితిని త్వరగా రప్పిస్తుందే తప్ప దాని స్థానాన్ని జరపదు. కట్ట కూలిన ఘనతను దానికి కట్టబెట్టకపోవడమే సబబు.