బాఖ్ ఆర్గాన్ సంగీతానికి మేలైన రికార్డింగులు ఏవి?

ప్రశ్న (విజయనగరం నుండి): పైప్ ఆర్గాన్‌ను (గొట్టాలలోకి గాలిని పంపి పలికించే పెద్ద చర్చి వాద్యాన్ని) ప్రత్యక్షంగా వినే అవకాశం మాకు ఇక్కడ లేదు కనుక, మంద్రస్వరాల గాంభీర్యాన్నీ చర్చిలోని ప్రతిధ్వనినీ చక్కగా పట్టిన, జర్మన్ స్వరకర్త బాఖ్ కృతుల రికార్డింగులను పెద్దలు సూచించగలరా?

జవాబు (శ్రీకాకుళం నుండి): హెల్ముట్ వాల్హాతో ప్రారంభించండి. చూపులేని ఆ జర్మన్ విద్వాంసుడు నెదర్లాండ్స్‌లోని ఆల్క్‌మార్ చర్చిలో 1956లో స్టీరియోలో వాయించిన బాఖ్ కృతి ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’లో, ఎన్ని స్వరమార్గాలు ఒకేసారి సాగుతున్నా, ఏ ఒక్కటీ మరొకదానిలో కలిసిపోకుండా వినబడుతుంది. నా దృష్టిలో ప్రతిధ్వని కన్నా ఈ స్పష్టతే ముఖ్యం.

మరొక జవాబు: వారి మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే ఆర్గాన్‌లోని 32 అడుగుల గొట్టం పలికే అతి మంద్రస్వరం సెకనుకు సుమారు 16 కంపనాలు మాత్రమే కనుక చిన్న స్పీకర్లు దానిని పలికించలేవు. రికార్డింగును తప్పుపట్టే ముందు మంచి హెడ్‌ఫోన్లతో వినండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. బాఖ్‌ది కాకపోయినా సరే, ఆర్గాన్ ఆర్కెస్ట్రాతో కలిసినది ఏదైనా ఉన్నదా?

జవాబు (శ్రీకాకుళం నుండి): ఫ్రెంచి స్వరకర్త సాన్-సాన్స్ రచించిన, ఆర్గాన్ కూడా ఉన్న 3వ సింఫనీని, షార్ల్ మన్ష్ నిర్వహణలో బాస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1959లో చేసిన రికార్డింగులో వినండి.