ముందస్తు ఊడ్పులకి ఊరిని ఒప్పించాలి, మైకులో ఐదు నిమిషాలే. ఎలా?

గట్టుమీద గాలి: ఆదివారం మా ఊరి రైతుల మీటింగ్. సార్వా (ఖరీఫ్) వరి ఊడ్పులు ముందుకు జరుపుదాం, నవంబర్ తుఫాన్లు రాకముందే కోసేద్దాం అని చెప్పాలి. ఏది ముందు, ఏది వెనక? చీటీ చూసి చదవొచ్చా? ఇప్పటినుంచే టెన్షన్.

లంకలో కొబ్బరి: కాటన్ దొరతో మాత్రం మొదలెట్టకు, దండం పెడతా. కిందటేడు నేనదే చేశా. 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసేసరికి నా టైమైపోయింది. డ్రెయిన్లో గుర్రపుడెక్క సంగతి చెప్పకుండానే దిగిపోయా.

దాళ్వా బాబాయ్: ఆయన్ని తలవకుండా డెల్టాలో నీళ్ళ మాట ఎత్తుతారా? మా ఇంట్లో ఆయన ఫొటో దేవుడి పటాల పక్కనే ఉంది.

లంకలో కొబ్బరి: ఉండనివ్వండి బాబాయ్. ఆయన మాత్రం కథలు చెప్పి ఒప్పించాడా? కరువుకి సర్కారు శిస్తు ఎంత పోతోందో లెక్కగట్టి పంపాడు.

మైకు మాస్టారు: ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని వక్తృత్వ పోటీలకి తయారుచేస్తున్నవాణ్ణి, వినండి. మన్రో అనే అమెరికా ప్రొఫెసర్ 1930ల్లోనే ఐదు మెట్లు చెప్పాడు. జనం చెవి ఇటు తిప్పాలి, బాధ చూపాలి, మందు చెప్పాలి, వాడితే ఎలా ఉంటుందో కళ్ళకు కట్టాలి, ఆఖర్న ఫలానా పని చెయ్యండని అడగాలి. మనవాళ్ళు ఐదోది ఎగ్గొట్టి 'ఆలోచించండి' అని దిగిపోతారు.

బోదె పక్క: మా ఊళ్ళో మూడో మెట్టుకే టీలొచ్చేస్తాయి మాస్టారూ.

చేపల చెరువు: కాలవకి నీళ్ళు ఎప్పుడొదులుతారో తెలీదు గానీ ఉపన్యాసాలు! 2011లో కోనసీమ రైతులు పంట వెయ్యం అని క్రాప్ హాలిడే పెట్టింది ఎవరి ఉపన్యాసం విని?

దాళ్వా బాబాయ్: ముందు స్వర్ణ రకం వరి మానమనండి. 150 రోజుల పంట వేసుకుని తుఫాన్ని తిడితే ఎలా?

బోదె పక్క: స్వర్ణ జోలికి రావద్దు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళిచ్చిన వంగడం, మా అప్పులు తీర్చింది అదే.

దాళ్వా బాబాయ్: 1010 రకం కూడా మార్టేరుదే. 120 రోజులు. దాని పేరేంటో తెలుసా? కాటన్ దొర సన్నాలు!

లంకలో కొబ్బరి: మళ్ళీ వచ్చాడు దొర.

బోదె పక్క: 1010 మా వైపు దాళ్వాకి (రబీకి) వేస్తారు. సార్వా గురించి మాట్లాడుతుంటే అదెందుకు? పొలంలో దిగి ఎన్నాళ్ళయింది మీరు?

దాళ్వా బాబాయ్: నోరు జాగ్రత్త.

అరిసెల అక్క: కొట్టుకోకండి. తమ్ముడూ, మా డ్వాక్రా వాళ్ళ మీటింగుకి నేను కంకి పట్టుకెళ్ళా. చేలో తడిసి మొలకలొచ్చినప్పుడు దాచింది. ఎండి గడ్డిరంగుకి తిరిగినా ఒక్కో గింజకీ తోకలా మొలక కనబడుతోంది. నోరు విప్పకుండా చేతుల్లో తిప్పించా. ఒకావిడ గోటితో గీరి చూసి, పక్కావిడకిచ్చి, 'మాదీ ఇంతే' అంది. సగం ఉపన్యాసం ఆవిడే చెప్పేసింది. ఆఖర్న ఒక్కటే అడిగా, 'నారుమడి ఏ రోజు పోద్దాం?' అని. ఎందుకు పొయ్యాలి అని ఎవరూ అనలేదు, తేదీ మీదే వాదించుకున్నారు.

మైకు మాస్టారు: అదే నేను చెప్పిన ఐదో మెట్టు.

అరిసెల అక్క: ఆయ్, మీరే చెప్పారండి.

గట్టుమీద గాలి: కంకి లేదక్కా, మొలకెత్తిన బస్తా ఫొటో ఉంది, పెద్దది తీయిస్తా. చీటీ సంగతి ఎవరూ చెప్పలేదు.

లంకలో కొబ్బరి: రాసుకో, పెద్దక్షరాలతో. టార్చి కూడా తెచ్చుకో, మైకు పట్టుకోగానే కరెంటు పోతుంది.