ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ వేసుకునే వీలు మన ఫోన్లలో ఉండాలా, తీసేయాలా?

గోదారి గట్టు:
నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తీసేయాలి, పూర్తిగా తీసేయాలి.

పెళ్లి శుభలేఖ, ఆర్టీవో చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ... పేరు ఏదైనా వాట్సాప్‌లో వచ్చేది ఏపీకే ఫైలే, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్‌ని ఎక్కించేదే. అదీ తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతికి చిక్కి ఉంటుంది. శుభలేఖే కదా అని నొక్కుతాం. అది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, మనం ఇచ్చేస్తాం. ఇక ఓటీపీలన్నీ నేరుగా వాళ్లకే. తెల్లారేసరికి ఖాతా ఖాళీ.

బయట ఇంటర్నెట్‌లో దొరికే యాప్‌లలో మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాములు) ప్లే స్టోర్‌లో కంటే 50 రెట్లకు పైగా ఉందని గూగులే చెప్పింది. మా ఊళ్లో ప్లే స్టోర్ బయటి యాప్ అవసరమైన మనిషి నాకు ఇంతవరకు కనబడలేదు. ఆ దారిలో మోసపోయినవాళ్లు మాత్రం వీధికొకరు ఉన్నారు. కొద్దిమంది ఇష్టం కోసం ఇంతమంది కష్టార్జితం పోవాలా?

కరీంనగర్ కోడ్:
గోదారి గట్టు గారూ, మీ బాధ నిజమే. కానీ ఒక్కసారి 2020 చివరి రోజులు గుర్తు చేసుకోండి. లోన్ యాప్‌ల వేధింపులకు మన తెలుగువాళ్లే ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టారు. ఆ యాప్‌లలో చాలా భాగం ఎక్కడ దొరికేవి? ప్లే స్టోర్‌లోనే. లక్షల డౌన్‌లోడ్‌లతో, మంచి రేటింగ్‌లతో. 2022 సెప్టెంబరు నుంచి 2023 ఆగస్టు లోపు 2,200కు పైగా లోన్ యాప్‌లను గూగుల్ తీసేసిందని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. అంటే అంతవరకు అవి స్టోర్‌లో ఉన్నట్టే కదా.

అప్పుడు వాళ్లు జనాన్ని లొంగదీసుకున్నది దేనితో? కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతితో. అప్పు తీసుకున్నవాళ్ల ఫొటో మార్ఫింగ్ చేసి చుట్టాలందరికీ పంపేవాళ్లు. 2023లో గూగుల్ నిబంధన మార్చింది, లోన్ యాప్ కాంటాక్టులు, ఫొటోలు అడగకూడదని. అసలు బిగించాల్సిన చోటు అదీ. యాప్ ఎక్కడి నుంచి వచ్చిందన్న దానికంటే లోపలికి వచ్చాక దాని చేతికి ఏం ఇస్తున్నామన్నదే ముఖ్యం.

తెనాలి మొబైల్ షాపు:
నా షాపుకి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి కాబట్టి నేను చూసింది చెప్తాను.

ఆ ఏపీకే వేయగానే ఐకాన్ కనబడదు. 'ఏమీ ఓపెన్ అవ్వలేదు' అనుకుని మనిషి మర్చిపోతాడు. కొన్నిటిలో మొదట వచ్చేది ఉత్త డబ్బా, అది 'అప్‌డేట్ చేయండి' అని ఇంకో యాప్‌ని లోపలికి దించుతుంది. యాక్సెసిబిలిటీ (చూపు లేనివాళ్లలాంటి వారి కోసం పెట్టిన సదుపాయం) అనుమతి కూడా ఇచ్చేశారంటే ఇక తెర మీద ఉన్నది చదువుతుంది, మన బదులు అదే నొక్కుతుంది. తీసేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే వెనక్కి తోసేస్తుంది. అప్పుడు ఫోన్‌ని మనం వేసుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో ఆన్ చేసి, డివైస్ అడ్మిన్ లిస్టులో (ఫోన్ మీద ఎక్కువ అధికారం ఇచ్చిన యాప్‌ల జాబితా) దాన్ని ఆపి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.

ఇంకో సంగతి. చాలామందికి తాము యాప్ వేసినట్టే తెలియదు. ఫైల్ తెరిచామనే అనుకుంటారు. 'తెలియని యాప్‌లను అనుమతించాలా' అని ఫోన్ అడిగితే, అడిగింది కాబట్టి సరే అనేస్తారు. చదువుకున్నవాళ్లూ అంతే. అందుకని హెచ్చరిక పెట్టాం, మీ ఖర్మ అంటే కుదరదు. ఈ విషయంలో నేను గోదారి గట్టు గారి వైపే.

గోదారి గట్టు:
అదే నేను అనేది. హెచ్చరికలు పనిచేయవు. కోడ్ గారూ, మీరు అనుమతులు బిగించాలి అంటున్నారు, మరి బిగించారుగా? ఆండ్రాయిడ్ 8 నుంచి బయటి యాప్‌ని ఎక్కించే అనుమతిని వాట్సాప్, క్రోమ్ ఇలా ఏ యాప్‌కి ఆ యాప్‌కి విడిగా పెట్టారు. 13లో బయటి యాప్‌లకు యాక్సెసిబిలిటీ సులువుగా దొరకకుండా చేశారు. అయినా మోసాలు ఆగలేదు. అవతలివాడు ఫోన్ చేసి 'ఇక్కడ నొక్కండి సార్, అక్కడ నొక్కండి సార్' అంటూ దగ్గరుండి అన్నీ తీయిస్తున్నాడు. దారి ఉన్నంతకాలం జనాన్ని అందులో నడిపించేవాడు ఉంటాడు. 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది చూశారా? ఎవరు తయారు చేసినా సరే, వివరాలు ఇచ్చి తానెవరో రుజువు చేసుకున్న డెవలపర్ యాప్‌లే ఫోన్‌లో ఎక్కుతాయి. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌తో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు. ఇది మనకి ముందే రావాల్సింది.

కరీంనగర్ కోడ్:
ఆ ప్రకటన గురించే నా అసలు భయం.

ఎఫ్-డ్రాయిడ్ అని 2010 నుంచి నడుస్తున్న స్టోర్ ఉంది. సోర్స్ కోడ్ బయటపెట్టిన ఉచిత యాప్‌లు మాత్రమే ఉంటాయి. ప్రకటనలు లేని కీబోర్డు, పాడ్‌కాస్ట్ ప్లేయర్, లినక్స్ నేర్చుకునే టెర్మక్స్ లాంటివి నేను అక్కడి నుంచే వేసుకుంటాను. ఈ కొత్త నిబంధన ఉన్నదున్నట్టు వస్తే తాము మూసుకోవాల్సిందేనని వాళ్లు చెప్పారు. సరదాగా ఒక మంచి యాప్ రాసి ఊరికే పంచే మనిషి తన గుర్తింపు కార్డు ఒక విదేశీ కంపెనీకి ఎందుకు ఇవ్వాలి? దొంగకి అదేమంత అడ్డు? దొంగ సిమ్‌లు, అద్దె బ్యాంకు ఖాతాలు సంపాదించేవాడు ఇంకొకడి పేరు మీద డెవలపర్ ఖాతా తెరవలేడా? గొడవ గట్టిగానే జరిగాక, 2025 నవంబరులో గూగుల్ కొంచెం తగ్గి అనుభవం ఉన్నవాళ్లకు వేరే దారి ఇస్తామంది. అడిగారు కాబట్టే ఇచ్చారు.

ఒకే వాకిలి ఉంటే ఏమవుతుందో మనం చూశాం కూడా. 2024 మార్చి 1న ఫీజు తగాదా మీద నౌకరీ, భారత్ మ్యాట్రిమొనీ లాంటి మన యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసేశారు. కేంద్రమంత్రి కలగజేసుకుంటే గానీ తిరిగి పెట్టలేదు. అవి పెద్ద కంపెనీలు, మంత్రి దాకా వెళ్లగలిగాయి. నిజామాబాద్‌లో ఇద్దరు కుర్రాళ్లు రాసిన యాప్‌ని తీసేస్తే వాళ్ల మాట ఎవరు వింటారు?

2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసినప్పుడు, బయటి నుంచి యాప్‌లు వేసుకోవడాన్ని అడ్డుకోవద్దని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను ఉంచి ఆ ఆదేశాన్ని కొట్టేసింది. కాబట్టి మనకి చట్టం అండ కూడా పెద్దగా లేదు. యూరప్‌లో అయితే 2024 మార్చి నుంచి ఐఫోన్లో కూడా వేరే స్టోర్లను అనుమతించాల్సి వచ్చింది. అక్కడ తలుపులు తెరిపిస్తుంటే మనం మూయమని మనంతట మనమే అడుగుతున్నాం.

బడి పంతులు:
నాదొక మాట. 2022 డిసెంబరులో ఏపీలో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబ్‌లు ఇచ్చింది. పాఠాలు తప్ప వేరేవి ఎక్కకుండా వాటికి ముందే లాక్ వేసి ఇచ్చారు. కొందరు పిల్లలు ఆ లాక్ తీయించుకున్నారని పేపర్లలో వచ్చింది, అయినా నేను ఆ లాక్‌ని తప్పుపట్టను. పదమూడేళ్ల పిల్లాడి చేతికి ఇచ్చే ట్యాబ్‌కి అది ఉండాలి. కానీ అక్కడ లాక్ వేసింది ట్యాబ్ ఇచ్చిన ప్రభుత్వం. నేను డబ్బు పెట్టి కొన్న ఫోన్‌కి తాళం వేయాల్సి వస్తే, తాళంచెవి నా దగ్గరో నా పిల్లల దగ్గరో ఉండాలి గానీ అమ్మినవాడి దగ్గర ఎందుకుండాలి?

మా నాన్నగారి ఫోన్‌కి నేనే వేశాను ఆ తాళం. శాంసంగ్ కాబట్టి ఆటో బ్లాకర్ ఆన్ చేశాను, బయటి యాప్ ఏదీ ఎక్కదు. ఆండ్రాయిడ్ 16లో అయితే అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అని ఇలాంటిదే వచ్చింది. కొన్న రోజే షాపులో ఇది పెట్టిస్తే చాలావరకు గొడవ తీరుతుంది.

తెనాలి మొబైల్ షాపు:
పంతులుగారూ, నేను పెడుతూనే ఉన్నానండీ. కాకపోతే మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ పాత ఫోన్లు, వాటిలో ఈ ఆప్షన్లు ఉండవు. అలాంటప్పుడు 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' లోకి వెళ్లి వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడిటికీ ఆఫ్ చేస్తాను. యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూస్తాను. 2024లో గూగుల్ మన దేశంలో మొదలుపెట్టిన పద్ధతి ఒకటి బాగుంది. బ్రౌజర్ నుంచో మెసేజ్ నుంచో వచ్చిన యాప్ ఎస్ఎంఎస్, నోటిఫికేషన్లు, యాక్సెసిబిలిటీ అడిగేదైతే ఇన్‌స్టాల్‌నే ఆపేస్తుంది. కొత్త ఆండ్రాయిడ్‌లో కాల్ నడుస్తుండగా ప్లే ప్రొటెక్ట్‌ని ఆపనివ్వదు కూడా.

ఎవరికైనా ఇప్పటికే జరిగి ఉంటే: ముందు ఫ్లైట్ మోడ్ పెట్టండి. వేరే ఫోన్ నుంచి 1930కి, బ్యాంకుకి వెంటనే చెప్పండి. మొదటి గంటలో చెప్తే డబ్బు ఆగే అవకాశం ఉంటుంది. తర్వాత వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. కాల్స్ ఎవరికైనా మళ్లించి ఉంటాయన్న అనుమానం ఉంటే ##002# కొడితే రద్దవుతాయి.

గోదారి గట్టు:
సరే, పూర్తిగా తీసేయాలి అన్న మాటను కొంచెం సవరించుకుంటాను. బయటి యాప్ రావచ్చు. కానీ ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ మాత్రం దానికి ఎప్పటికీ దక్కకూడదు. ఎంత తెలిసినవాడు అడిగినా, ఎన్నిసార్లు నొక్కినా దక్కకూడదు. దీనికి ఒప్పుకుంటారా?

కరీంనగర్ కోడ్:
దాదాపు ఒప్పుకుంటాను. ఒక్క చిక్కుంది. ఎఫ్-డ్రాయిడ్‌లో ఫాసిఫై మెసేజెస్ లాంటి ఎస్ఎంఎస్ యాప్‌లు ఉన్నాయి, వాటికి ఆ అనుమతి లేకపోతే పనే లేదు. చూపు లేనివాళ్ల కోసం రాసిన కొన్ని యాప్‌లకు యాక్సెసిబిలిటీ కావాలి. అలాంటివి కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి, ఏడీబీ అనే కంప్యూటర్ టూల్‌తో వేసుకుంటేనే ఆ అనుమతులు ఇవ్వాలి అంటే నాకు అభ్యంతరం లేదు.

గోదారి గట్టు:
కేబుల్ అయితే నాకూ సమ్మతమే. ఫోన్‌లో మాట్లాడుతూ మా పెదనాన్న చేత ఏడీబీ వాడించగల దొంగ ఇంకా పుట్టలేదు.

బడి పంతులు:
చూపు లేనివాళ్ల సంగతి అంత తేలిగ్గా వదిలేయకండి. మా స్కూల్లో అలాంటి టీచర్ ఒకరున్నారు. ఆవిడకి ల్యాప్‌టాప్ లేదు, ఉన్నదల్లా ఫోనే. ఆవిడని కేబుల్ పెట్టుకోమంటే ఎలా?

తెనాలి మొబైల్ షాపు:
షాపుకి తీసుకురమ్మనండి, నేను పెట్టిస్తాను. అయినా పంతులుగారు అడిగింది న్యాయమే. ప్రతి ఊళ్లో షాపు ఉండదు, ఉన్న ప్రతి షాపూ నమ్మదగ్గదీ కాదు. కోడ్ గారూ, దీనికి మీ దగ్గర ఏమైనా దారి ఉంటే రాయండి.