టేకు ద్వారబంధం: సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల లెక్క) కోత సైజుకా, చిత్రిక పట్టాక మిగిలే సైజుకా?

సింహద్వారానికి బంధం చేయించాలి. 7 అడుగుల నిలువులు రెండు, గడపకూ పైకర్రకూ 4 అడుగులవి రెండు, మొత్తం 22 అడుగులు. సైజు 5×3 అంగుళాలు. 5×3×22ను 144తో భాగిస్తే 2.29 సీఎఫ్‌టీ వస్తోంది.

చిక్కేమిటంటే, కోత కర్రను నాలుగు వైపులా చిత్రిక పడితే ఒక్కో వైపు 3 మిల్లీమీటర్లు పోయినా 5 అంగుళాలది 4¾కి దిగుతుంది. పూర్తయ్యాక నిండు 5×3 మిగలాలంటే 5¼×3¼ కోయించాలి, అప్పుడు 2.61 సీఎఫ్‌టీ. కలప అడితిలో బిల్లు ఏ కొలతకు వేస్తారు? రంపం పొట్టుకు పోయేది కూడా మన లెక్కలోనే కడతారా?

ఇంకొకటి, ఇదే అసలు భయం. చూపించిన కర్రల్లో ఒక అంచున చేవ లేని తెల్ల చెక్క ఉంది. దాన్ని గోడవైపు తిప్పేస్తే కనపడదంటున్నారు. కనపడకపోవడం సరే, చెదలు వచ్చేదీ గోడవైపు నుంచే కదా! చెదల మందు పూస్తే సరిపోతుందా, ఆ అంచు కోయించేయాలా?

తేమ మీటరులో ఎంత శాతం చూపిస్తే బిగించవచ్చు? పచ్చి కర్ర ఆరేటప్పుడు చెట్టు వయసు వలయాల వెంబడి ఎక్కువ కుంచించుకుంటుంది, వాటికి అడ్డంగా అందులో దాదాపు సగమే. అందుకే మెలితిరిగి తలుపు పట్టేస్తుంది. అనుభవమున్న వడ్రంగులు, అడితివాళ్లు చెప్పగలరు.