బెత్తం లేకుండా ఎనిమిదో తరగతిని అదుపులో పెట్టేదెలా?

సందేహం: అందరికీ నమస్కారం. ఈ ఏడాదే జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. ఎనిమిదో తరగతిలో భోజనాల తర్వాత పీరియడ్ నాది. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక బెంచీల్లో గోల. గోడకుర్చీ వేయించమని తోటి టీచర్లు అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. అరిచి అరిచి గొంతు పోతోంది. ఏం చేయాలి?

జవాబు: వేయించకండి మేడమ్. గోడకుర్చీ, గుంజీలు, ఎండలో నిలబెట్టడం ఇవన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. మానసిక వేధింపు కూడా అందులోకే వస్తుంది కాబట్టి అందరి ముందూ ‘మొద్దు’ అని తిట్టడమూ తప్పే. కొందరు తల్లిదండ్రులు వచ్చి ‘కళ్లు తప్ప ఎక్కడైనా కొట్టండి’ అంటారు. వాళ్లు ఒప్పుకున్నా చట్టం ఒప్పుకోదు.

క్లాసు నియమాలు పిల్లల చేతే రాయించండి, నాలుగైదు చాలు. తప్పితే ఏం చేయాలో కూడా వాళ్లనే అడగండి. మొదట మనకంటే పెద్ద శిక్షలే చెబుతారు, వాటిని తగ్గించడం మన పని. చెత్త వేసినవాడు ఊడవాలి, పక్కవాడి నోట్సు చింపినవాడు తిరిగి రాసివ్వాలి. అంతేగానీ లెక్కను వందసార్లు రాయించొద్దు, ఆ సబ్జెక్టు మీదే విసుగు పుడుతుంది. బెల్లు కొట్టగానే క్లాసులో ఉంటానని మీకూ ఒక నియమం పెట్టుకోండి.

భోజనాల తర్వాత పీరియడ్ కాబట్టి ముందు కాసేపు నోటిలెక్కలు అడగండి. బోర్డు మీద లెక్క పిల్లల చేత చేయించి, మీరు వెనక బెంచీ పక్కన నిలబడండి. చాలా గోల అక్కడే తగ్గుతుంది.

మా క్లాసులో ఒక అబ్బాయి కంపాస్ బాక్సు మీద స్కేలుతో డప్పు కొడుతూనే ఉండేవాడు. పక్కన కూర్చుని చూస్తే వాడికి భాగహారమే రాదు. అయిదో తరగతి లెక్కలు వేరే నోట్సులో ఇచ్చాను. వాటిలో పడ్డాక డప్పు ఆగింది. మీ వెనక బెంచీలో ఎవరికి ఎక్కడిదాకా వచ్చో ముందు చూడండి.

మరో సందేహం: సార్, రోజూ లేటుగా వచ్చేవాళ్ల సంగతేంటి? మా హెచ్ఎం గారు టీసీ ఇచ్చేస్తామని బెదిరిస్తున్నారు.

జవాబు: ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడం అదే చట్టం ప్రకారం కుదరదు. గేటు బయట నిలబెడితే పోయేది పాఠమే. ముందు లోపలికి రానివ్వండి, కారణం ఇంటర్వెల్‌లో విడిగా అడగండి. బస్సు టైమా, ఇంట్లో చిన్న తమ్ముణ్ణి చూసుకునే పనా తెలిస్తే తల్లిదండ్రులతో ఏం మాట్లాడాలో తెలుస్తుంది.