బరువా, ద్రవ్యరాశా, మొండితనమా?

ప్రశ్న:
బరువు లేని చోట క్రికెట్ బంతి వచ్చి తగిలితే నొప్పి పుడుతుందా అని మా అమ్మాయి అడిగింది. పుడుతుందన్నాను. "బరువే లేదన్నావు కదా, మరి తగిలింది ఏమిటి?" అంది. ద్రవ్యరాశి అన్నాను గానీ ఆ మాటతో దానికి ఏమీ బోధపడలేదు. నిజం చెప్పాలంటే నాకూ అంతే. వినగానే కదలిక స్ఫురించే మాట తెలుగులో ఏదైనా ఉందా?

ఒక జవాబు:
ద్రవ్యరాశిని అంత తేలిగ్గా తీసిపారేయకండి. రాశి అంటే కుప్ప మాత్రమే కాదు, పరిమాణం కూడా. దిశ ఉన్న పరిమాణాన్ని సదిశరాశి, దిశ లేనిదాన్ని అదిశరాశి అంటున్నాం కదా. 1687లో న్యూటన్ తన 'ప్రిన్సిపియా'లో మొట్టమొదట నిర్వచించింది పదార్థ పరిమాణాన్నే. మన మాట సరిగ్గా దాన్నే చెబుతుంది. అయితే ఎంత ఉందో చెబుతుంది గానీ, ఆ ఉన్నది ఏం చేస్తుందో చెప్పదు. ఆ పని జడత్వానిది, అంటే ఉన్న స్థితిని మార్చుకోవడానికి ఒప్పుకోని గుణానిది.

మరొకరు:
జడత్వంతోనే నాకు పేచీ అండీ. జడుడంటే మందుడు, చలనం లేనివాడు. మాట వినగానే బండరాయి కళ్ల ముందు నిలుస్తుంది. దూసుకొచ్చే బంతి ఆగకపోవడం కూడా జడత్వమేనన్న సంగతి ఆ మాటలో ఎక్కడుంది? నేనైతే మొండితనం అంటాను. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారే, ఆ మొండితనం. కూర్చుంటే లేవడు, బయలుదేరితే ఆగడు. 2.7 గ్రాముల టేబుల్ టెన్నిస్ బంతిని ఉఫ్ అంటే దొర్లిపోతుంది. సుమారు 160 గ్రాముల క్రికెట్ బంతిని ఊదితే మన ఊపిరే అయిపోతుంది. అవే రెండూ ఒకే వేగంతో మీదికి వస్తే మొదటిదాన్ని అలవోకగా పట్టేస్తాం. రెండోదాన్ని చేతులు వెనక్కి తీసుకుంటూ, కాస్త నిదానంగా ఆపాలి. అంతరిక్ష కేంద్రంలో తక్కెడ పనిచేయదు కాబట్టి, తెలిసిన బలంతో స్ప్రింగు చేత వ్యోమగామిని లాగించి, వేగం ఎలా పెరిగిందో చూసి ద్రవ్యరాశి లెక్కకడతారు. కొలిచింది మొండితనాన్నే కదా!

మొదటి జవాబు ఇచ్చినవారు:
మాట బాగుంది, కానీ పాఠ్యపుస్తకంలో నిలవదు. నాకు ద్రవ్యవేగం (మొమెంటం) అన్న మాట ముచ్చటగా ఉంటుంది. ద్రవ్యరాశిని వేగంతో గుణించమని సూత్రం మాటలోనే దాక్కుని ఉంది.

ప్రశ్న అడిగినవారు:
మా అమ్మాయికి మొండితనం బాగానే ఎక్కింది. వెంటనే ఇంకో ప్రశ్న పుట్టింది: "బరువైనది అంత మొండిదైతే, పైనుంచి వదిలినప్పుడు ఆలస్యంగా పడాలి కదా?" పదింతలు మొండిదాన్ని భూమి పదింతలు గట్టిగా లాగుతుంది, అందుకే గాలి అడ్డు లేకపోతే అన్నీ కలిసే పడతాయని చెప్పాను. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తిని, ఈకను ఒకేసారి వదిలిన వీడియో కూడా చూపించాను. ఆ లాగుడుకే బరువని పేరు అన్నాను. "ముందే చెప్పవచ్చు కదా" అంది.